ఏడో సెక్షన్‌లో ఒక మాట

ఊరిగాంలో బండెక్కి కిటికీ పక్కన చోటు దొరికించుకునేసరికి భాగీరథికి జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. ఒళ్ళో ఎర్రట్ట ఫైలు, ఫైల్లో బిల్లు, బిల్లులో ఏడో సెక్షన్, ఆ సెక్షన్‌లో ఒక మాట. మధ్యాహ్నం మూడింటికి బెంగళూరులో విధాన పరిషత్తు ఆ బిల్లు మీద ఓటు వేస్తుంది. టీచర్లు ఓట్లేసి గెలిపించిన సభ్యురాలిగా ఆమె కూడా అవుననో కాదనో చెప్పాలి. ఇంకా పదకొండున్నరే అయింది. కారు తమక ఊళ్ళో రిపేరు షెడ్డులో ఉన్నమాట నిజమే గాని, అడిగితే ఇంకో కారు దొరక్కపోదు. కారంటే డ్రైవరు, డ్రైవరంటే అద్దంలోంచి చూసే రెండు కళ్ళు, 'మన బిల్లు ఏమైనాది మేడమ్' అనే ప్రశ్న. బండిలో ఆ బాధ లేదు. నేతచీర, చేతిసంచి, నెరిసిన జడ చూసి ఎవరో రిటైరైన టీచరమ్మ అనుకుంటారు, అంతే. పూలమూటతో ఎక్కిన ఒకావిడ 'రవంత జరుగమ్మా' అంది. భాగీరథి జరిగింది. తడి గుడ్డలోంచి కనకాంబరాల వాసన. ఎనిమిది నెలలుగా ఆ బిల్లు కమిటీలో తాను చేసిన పనంతా ఇదేనేమో అనిపించింది, రవంత జరగమంటే జరగడం, ఇంకొంచెం అంటే ఇంకొంచెం, చివరికి బల్ల అంచుకొచ్చేదాకా.

బండి కదిలింది. కిటికీలో సైనైడ్ దిబ్బలు. బంగారం తీసుకోగా మిగిలిన మట్టి, నూరేళ్ళ మట్టి, కొండలంత పోసి వదిలేశారు. ఎండకు బూడిదరంగులో మెరుస్తున్నాయి. ఆషాఢంలో ఆడిగాలి లేచిందంటే ఆ దుమ్ము రాబర్ట్‌సన్‌పేట బజారు మీద కురిసేది. నాన్న వెంకటేశయ్య పొద్దున్నే బట్టలంగడి తెరవగానే తాన్లు దులిపేవాడు, టప్ టప్ మని, వీధి చివరికి వినిపించేలా. మే నెలాఖరులో అంగట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. గనివాళ్ళ భార్యలు పిల్లల్ని వెంటబెట్టుకుని యూనిఫారం గుడ్డకు వచ్చేవాళ్ళు. వాళ్ళు అరవంలో అడిగితే నాన్న తెలుగులో చెప్పేవాడు, బేరం కన్నడలో తెగేది. ఏ రంగు ఏ బడిదో నాన్నకు నోటికి వచ్చు. గనులు మూసిన మరుసటి ఏడు నీలం తాన్లు నీలంగానే ఉండిపోయాయి. 'బడిగుడ్డ అడిగే నాథుడు లేడమ్మా, పిల్లకాయలంతా యాడికి పోయినారో' అన్నాడు, అదేదో తన వ్యాపారంలో జరిగిన పొరపాటులాగా. అప్పటికామె టీచరుగా చేరి చాలా ఏళ్ళయింది. పిల్లలు ఎక్కడికి పోయారో ఆమెకు తెలుసు. ఊరు పోతే బడి పోతుంది, అది చూసింది. బడి పోతే ఊరు ఏమవుతుందో మాత్రం ఇంకా చూడలేదు. ఇప్పుడు చూస్తుంది.

దొడ్డిపల్లి మొదటి పోస్టింగు. కామసముద్రం దాటి లోపలికి నాలుగు కిలోమీటర్లు, బస్సు దిగి నడక. రెండు గదుల బడి, పెంకుల మీద ఎప్పుడూ ఏదో ఒక కోతి. ఆమె కన్నడంలో పాఠం మొదలుపెడితే నలభై మంది పిల్లలు కళ్ళప్పగించి చూశారు, ఎందుకంటే ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, పుస్తకంలో ఉన్నది కన్నడ. ఒక పిల్ల లేచి 'నీళ్ళకి పోవాల మేడమ్' అంది భయంభయంగా, తప్పు భాషలో అడిగితే పంపరేమోనని. ఆ పిల్లకు నీళ్ళు తానే ముంచి ఇచ్చింది. ఆ రోజు నుంచి ఒక చేత్తో తెలుగు, ఇంకో చేత్తో కన్నడ పట్టుకుని ఇటునుంచి అటు దాటించడమే తన ఉద్యోగమైంది. అలా దాటినవాళ్ళలో ఒకడు పోలీసు, ఒకామె నర్సు. ఇంకొకడు మునిశంకర్, పట్టుగూళ్ళు తీస్తాడు, రాగులు వేస్తాడు, ఇప్పుడు ఆ బడి కమిటీకి అధ్యక్షుడు. నలభై మంది ముప్పై అయ్యారు, పద్దెనిమిది అయ్యారు. ఇప్పుడు తొమ్మిది మంది. మెయిన్ రోడ్డు మీదికి ప్రైవేటు స్కూలు పసుపురంగు వ్యాను రావడం మొదలయ్యాక ఇంటికొకరు చొప్పున వ్యానెక్కారు.

బిల్లు కూడా ఆ వ్యానులాంటిదే, చూడ్డానికి చక్కగా ఉంటుంది. ఇరవై మందికంటే తక్కువ పిల్లలున్న సర్కారు బడిని మూసి దూరంలో ఉన్న పెద్ద బడిలో కలుపుతారు. అది ఇష్టం లేని తల్లిదండ్రులకు ఎంపిక పత్రం ఇస్తారు, అది చూపించి ఏ ప్రైవేటు బడిలోనైనా చేర్పించుకోవచ్చు, ఫీజు సర్కారు కడుతుంది. ఉభయ సభల కమిటీలో తొలిరోజు మంత్రిగారు ఈ మాట చెప్పినప్పుడు ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. ఎంపిక వద్దనేవాళ్ళు ఎవరుంటారు? మూడో నెలలో భాగీరథి పట్టుబట్టి ఏడో సెక్షన్‌లో ఒక మాట చేర్పించింది. బడి మూయాలంటే 'తల్లిదండ్రుల సమ్మతితో' మూయాలి. ఆ ఒక్క మాట కోసం పదకొండు సమావేశాలు. సమ్మతి అంటే ఊరు వద్దంటే బడి ఉంటుంది. అవతలివాళ్ళు దాని బదులు 'సంప్రదించి' అని పెడదామన్నారు. సంప్రదించడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఒక ఆఫీసరు జీపులో వస్తాడు, చాప వేస్తారు, టీ తాగుతాడు, అందరూ చెప్పింది తల ఊపుతూ వింటాడు, వచ్చినవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుంటాడు. ఆ తరవాత బడికి తాళం పడుతుంది. రెండు మాటలూ 'స'తోనే మొదలవుతాయి, అచ్చులో ఒకే చోట ఇమిడిపోతాయి.

ఆ 'సమ్మతి' వదిలేసింది. ఆరు రోజుల కింద, ఏసీ గదిలో, చల్లారిన ఉప్పిట్టు ప్లేటు ముందు. మంత్రిగారి తరఫున బేరాలు చూసే పురుషోత్తమ్ బైరకూరు వాడు, గదిలో కన్నడం మాట్లాడి వరండాలోకి రాగానే తెలుగులోకి దిగుతాడు. 'మేడమ్, మనమంతా ఒక జిల్లా వాళ్ళం, మీకు చెడ్డ పేరు రానిస్తానా? ఆ సమ్మతి వదలండి, గెస్ట్ టీచర్లకి పన్నెండు నెలల జీతం బిల్లులోనే రాయిస్తాను.' పరిషత్తులో ఆమె గుంపు మొత్తం ముగ్గురు. ఆ ముగ్గురూ కలిస్తేనే బిల్లు గట్టెక్కుతుంది, అంచేతే ఆ వరండా, ఆ తెలుగు. గెస్ట్ టీచర్ల కోసమే కదా ఆమె ఎన్నికల్లో నిలబడింది. దొడ్డిపల్లిలో ఇప్పుడున్న ఒకే ఒక్క టీచరు సుమ గెస్ట్ టీచరే. పది నెలలు జీతం, ఏప్రిల్ రాగానే ఉద్యోగం లేదు, జూన్‌లో మళ్ళీ అర్జీ. ఆ రెండు నెలలూ శ్రీనివాసపురం మామిడి మండీలో కాయలు ఏరి పెట్టెల్లో సర్దుతుంది. ఒకసారి బజార్లో ఎదురుపడి చేతులు వెనక్కి దాచుకుంది, మామిడి సొనకు కాలి చర్మం ఊడిపోయిన చేతులు. ఆ చేతులు కళ్ళముందు ఆడుతుండగా భాగీరథి సరేనంది. ఒక టీచరు కోసం ఒక బడి. టీచరు నిలిస్తే బడి ఎక్కడైనా పెట్టుకోవచ్చునని ఆ రాత్రి తనకు తానే నచ్చజెప్పుకుంది. నిద్ర మాత్రం రాలేదు.

కోరమాండల్ దాటింది, బెమెల్ నగర్ దాటింది. పూలావిడ దారం పళ్ళతో కొరికి మూర కొలుస్తోంది. నిన్న దొడ్డిపల్లికి తనే వెళ్ళి సమ్మతి వదిలేసిన సంగతి చెప్పింది, పేపర్లో చూసి తెలుసుకోకూడదని. మునిశంకర్ ఇంటి ముందు పట్టుపురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు ఎండకు ఆనించి ఉన్నాయి, మల్బరీ ఆకు వాసన, లోపల పురుగులు మేస్తున్న చప్పుడు, సన్నటి వాన కురుస్తున్నట్టు. అతను అంతా విన్నాడు. ఆమె ఊహించుకున్నది కోపం. కోపానికి జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళింది.

"మీరు చెప్పేది అర్థమైనాది మేడమ్. బడి పోతాదని మీకు బాధ. నాకూ బాధే, నేను చదివిన బడి. కానీ నాకు ఇద్దరు బిడ్లు. గగన్‌ని వ్యాన్‌కి పంపిస్తాండాను, చైత్రని ఈడికి పంపిస్తాండాను. ఇద్దరికీ ఫీజు కట్టలేక. ఆ పత్రమేదో వస్తే చైత్ర కూడా వ్యానెక్కుతాది. తప్పా?"

"తప్పేం లేదు శంకరా. వ్యాను ఇంతదూరం రాదు కదా. పొద్దున్నే మెయిన్ రోడ్డు దాకా ఎవురు తీసుకపోతారు? పత్రం తీసుకున్నాక ఆ స్కూలువాళ్ళు సీటు లేదంటే? అప్పుడు వెనక్కి రావడానికి ఈడ బడే ఉండదు."

"అది సరే మేడమ్." అతను చంద్రిక మీద పాకిన ఒక పురుగును వేలితో తీసి ఆకు మీద పెట్టాడు. "మీ బిడ్డ యాడ చదివినాది?"

అడగాలని అడిగిన ప్రశ్న కాదు. దెప్పడం అసలే కాదు. దారి తెలియక అడిగినట్టు అడిగాడు. "కేజీఎఫ్‌లో. కాన్వెంట్లో" అంది. "అదే కదా" అన్నాడు, లోపలికి తిరిగి మజ్జిగ తెమ్మని కేకేశాడు.

అదే కదా. ఇరవై ఏళ్ళపాటు పొద్దున ఏడుంపావుకు కూతురు ధన్య మెడకు మెరూన్ టై బిగించి, షూ తుడిచి, కాన్వెంటు గేటు దగ్గర దింపి, అక్కడే రోడ్డు దాటి దొడ్డిపల్లి వైపు బస్సెక్కింది. ఇరవై ఏళ్ళేమిటి, పన్నెండే, కానీ ఆ గేటు ఇరవై ఏళ్ళంత పొడవుగా గుర్తుంది. రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ధన్య అడిగింది, 'మీ స్కూల్లో నేనెందుకు చదవకూడదమ్మా, రోజూ నీతోనే రావచ్చు కదా' అని. 'అది మన స్కూలు కాదే, వాళ్ళది' అని నోటికొచ్చింది చెప్పేసింది. వాళ్ళది. ఎవరిది? తను జీతం తీసుకున్న బడి, తను పేర్లు పెట్టి పిలిచిన పిల్లలు, తను సున్నం వేయించిన గోడ. బడి మూయడానికి బిల్లు రాకముందే, వ్యాను రాకముందే, ఆ గేటు దగ్గర ఎప్పుడో తను ఎంపిక చేసేసుకుంది, ఏ పత్రమూ లేకుండానే. మునిశంకర్ ఆ మాట అనలేదు, అతని మంచితనం. మజ్జిగలో కరివేపాకు, అల్లం. తాగి గ్లాసు కింద పెట్టడానికి చోటు వెతుక్కుంటూ చాలాసేపు నిలబడింది.

బంగారుపేటలో బండి ఆగింది. ఇడ్లీ వడ అరుపులు, ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు. ఆ గోలలో ఫోను మోగుతుంటే తనది కాదనుకుంది. పురుషోత్తమ్.

"మేడమ్, చిన్న మార్పు, గాబరా పడొద్దు. గెస్ట్ టీచర్ల సంగతి బిల్లులో పెట్టేదానికి ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు. రూల్స్‌లో పెడతాం."

"రూల్స్ ఎప్పుడొస్తాయి?"

"వస్తాయి మేడమ్."

"అయితే ఏడో సెక్షన్‌లో సమ్మతి మళ్ళీ పెట్టండి. ఇది తీసుకునే కదా అది వదిలినాను."

"ప్రింటు అయిపోయినాది మేడమ్. మీరే సంతకం పెట్టినారు కదా." గొంతులో జాలి వినిపించింది, బైరకూరు జాలి, నిజమైనదే. "సాయంత్రం కూర్చుని మాట్లాడదాం, మీరు రండి."

రూల్స్. ఆ మాటకు అర్థం టీచర్ల యూనియన్‌లో పదేళ్ళు తిరిగిన మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు. బిల్లు చట్టమవుతుంది, చట్టానికి రూల్స్ రాయడానికి ఒక కమిటీ పడుతుంది, కమిటీకి గడువు పడుతుంది, గడువు పొడిగిస్తారు, సర్కారు మారుతుంది. ఇచ్చింది పోయింది, తీసుకున్నదీ పోయింది. తన గుంపులోని మోహన్‌కుమార్‌కి ఫోను చేసింది. మనం ముగ్గురం వ్యతిరేకిద్దాం, ఇంకా టైముంది అంది. "భాగీరథమ్మా, నేను మాట ఇచ్చేసినాను. మీరు ఫస్టు ఒప్పుకున్నారనే కదా మేమిద్దరం ఒప్పుకున్నాము. ఇప్పుడు మీరే వద్దంటే మేము యాడికి పోయేది?" బండి కదిలి మాట తెగిపోయింది.

మరళహళ్ళి దగ్గర సంచిలోంచి పెన్ను తీసింది. సరే, ముగ్గురు లేకపోతే ఒక్కరు. ఒక్క ఓటుతో బిల్లు ఆగదు, ఆగకపోయినా రికార్డులో ఉంటుంది, లేచి నిలబడి చెప్పిన మాట పుస్తకంలోకెక్కుతుంది, ఎవరో ఎప్పుడో చూస్తారు. ఫైలు అట్ట వెనక రాయడం మొదలుపెట్టింది. 'గౌరవనీయ సభాపతి గారికి, నేను ఈ బిల్లును వ్యతిరేకిస్తున్నాను.' ఎందుకు? ఎంపిక అనేది ఉన్నదాంట్లోంచి ఏరుకోవడం, ఒకటి తీసేశాక మిగిలినదానికి ఎంపిక అని పేరు పెట్టకండి. ఇది బాగుందా? ఎక్కడో విన్నట్టుంది. కొట్టేసింది. చైత్ర అనే ఒక పిల్ల ఉంది, మూడో తరగతి. కొట్టేసింది, పిల్లపేరు సభలో ఎందుకు. నా కూతురిని నేను సర్కారు బడికి పంపలేదు. ఇది రాశాక పెన్ను ఆగిపోయింది. ఈ ఒక్కటే నిజంగా తన వాక్యం. ఇది చదివితే సభలో నవ్వుతారు. నవ్వనీ. ఆ వాక్యం మొదట ఉండాలి, చివర కాదు. అక్కడినుంచి మొదలుపెడితే తక్కిందంతా చెప్పొచ్చు. నేను పంపలేదు, మీలో ఎవరూ పంపలేదు, ఈ బిల్లు రాసిన ఆఫీసర్లు పంపలేదు, పంపనివాళ్ళమంతా కూర్చుని పంపినవాళ్ళ బడి సంగతి తేలుస్తున్నాం. ఎన్నో ఏళ్ళ తరవాత రేపటి పాఠానికి తయారవుతున్నట్టుంది. మూడింటికి ముందే చేరుతుంది, కంటోన్మెంటులో దిగి ఆటో పట్టుకుంటే చాలు.

టేకల్‌కు ఇవతల బండి ఆగిపోయింది. రెండువైపులా బండరాళ్ళ గుట్టలు, రాయి మీద రాయి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతాయన్నట్టు, ఎన్ని వేల ఏళ్ళనుంచో దొర్లకుండా. ఎక్స్‌ప్రెస్ బళ్ళు పోవాలంటున్నారు ఎవరో. ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది. పూలావిడ 'వాడిపోతాయి' అని తనలో తాను అనుకుంటూ మూట మీద నీళ్ళు చిలకరించింది. భాగీరథి వాక్యాలు సరిచూసుకుంటూ కూర్చుంది. ఒంటిగంట దాటింది. మళ్ళీ ఫోను.

"మేడమ్, తొందర పడొద్దు, నిదానంగా రండి." పురుషోత్తమ్ గొంతు వెనక కుర్చీల చప్పుడు, నవ్వులు. "అయిపోయినాది. ప్రతిపక్షం వాళ్ళు ఇంకేదో గలాటాలో వాకౌట్ చేసినారు, సభాపతిగారు ఇదే సమయమని బిల్లును ముందుకు తీసుకున్నారు. మూజువాణి ఓటు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు."

"మూడింటికన్నారు కదా."

"ఏం చేసేది మేడమ్, సభ కదా. మీరున్నా లేకున్నా అయ్యేదే. ఇంగ మీరు మనసులో పెట్టుకోవద్దు."

మూజువాణి అంటే అరుపు. అవునన్నవాళ్ళ అరుపు పెద్దగా ఉంటే అవును. ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు, పేర్లుండవు. ఆమె పేరు ఇంకోచోట ఉంటుంది, ఆ రోజు రానివాళ్ళ జాబితాలో. గైర్హాజరు. ఎన్ని వేల సార్లు రాసి ఉంటుంది ఆ మాట, పిల్లల పేర్ల కెదురుగా, ఎర్ర ఇంకుతో. ఆవులు కాయడానికి పోయినవాడికి, చెల్లెలిని ఎత్తుకోవడానికి ఇంట్లో ఉండిపోయినదానికి, చెప్పులు లేనిదానికి. ఎందుకు రాలేదని అడగకుండానే రాసిన రోజులున్నాయి. ఫైలు అట్ట మీద రాసినదాన్ని మళ్ళీ చదివింది. వాక్యం బాగానే ఉంది. దాన్ని వినిపించడానికి మాత్రం ఇంక ఎక్కడా చోటు లేదు. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఏడిస్తే ఎవరికోసం? దొడ్డిపల్లి కోసమా, ఆ వాక్యం కోసమా? తన కోసమేనేమోనని అనుమానం వచ్చింది. దాంతో రాబోయే కన్నీరు కూడా ఆగిపోయింది. పూలావిడ ఒక మూర తెంపి 'పెట్టుకోమ్మా, ఎట్లాగూ వాడిపోయేవే కదా' అంది. వద్దనబోయి తీసుకుంది. చేతిలో పట్టుకుని కూర్చుంది.

బండి కదిలి టేకల్ దాటి మాలూరులో ఆగాక సుమ ఫోను చేసింది. వెనకాల పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు, ఏడో ఎక్కమో ఎనిమిదో ఎక్కమో, ఒకరి గొంతు అందరికంటే ముందు పోతోంది.

"మేడమ్, సుమని. బిజీగా ఉండారా? ఓటింగ్ మూడింటికి కదా, అంతలోపల అడిగేస్తామని చేసినాను."

"ఓటింగ్ అయిపోయింది సుమా."

"అయిపోయినాదా. మా పన్నెండు నెలలు?"

రూల్స్‌లో వస్తుందని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా, మెత్తగా, అనడానికి ఏ శ్రమా లేకుండా. "లేదు" అంది భాగీరథి. "బిల్లులో లేదు. ఏడో సెక్షన్‌లో సమ్మతి కూడా పోయింది. సంప్రదింపుకి వస్తారు. జూన్ లోపల రావచ్చు."

అవతల ఎక్కం సాగుతూనే ఉంది. తిడుతుందేమో అనుకుంది భాగీరథి. తిడితే బాగుండుననీ అనుకుంది. రైలు మాలూరు వదిలింది. పెంకుల ఫ్యాక్టరీల పొగగొట్టాలు వెనక్కి పోతున్నాయి, సగం వాటిలో పొగ లేదు.

"మేడమ్, వచ్చే సంవత్సరం పుస్తకాలు ఎన్ని కావాలో ఇండెంటు పంపేదానికి ఈ రోజే ఆఖరు" అంది సుమ. గొంతు మామూలుగానే ఉంది, కావాలని మామూలుగా పెట్టుకున్నట్టుంది. "పొద్దున్నుంచి నెట్టు లేదు, ఇప్పుడే వచ్చినాది. పంపేదా?"

"పంపు."

"ఐదో తరగతి ఇద్దరూ పోతారు. మిగిలిన ఏడుమందికి రాసినాను. ఒకటో తరగతికి ఎవురూ చేరలేదు కదా మేడమ్. ఆడ సున్నా అని రాసేదా, గీత కొట్టేదా?"

ఎనిమిది నెలలుగా ఎవరెవరో అడిగిన ప్రశ్నలన్నిటిలోకి, భాగీరథికి జవాబు తెలిసిన ప్రశ్న ఇదొక్కటే.

"సున్నా రాయి" అంది. "గీత కొడితే ఆ తరగతే లేదనుకుంటారు."

"సరే మేడమ్" అని సుమ ఫోను పెట్టేసింది.